పాఠశాల రసాయనశాస్త్రంలో చర్యలు, గణనలు: తెలుగు పరిభాష - భావస్పష్టత

సారాంశం:

రసాయన చర్యల పాఠంలో విద్యార్థి చేసే పొరపాట్లన్నీ లెక్కల పొరపాట్లు కావు. వాటిలో కొన్ని పదం దగ్గర, మరికొన్ని విభక్తి ప్రత్యయం దగ్గర, ఇంకొన్ని క్రియారూపం దగ్గర మొదలవుతాయి. ఉన్నత పాఠశాల స్థాయిలో బోధించే రసాయన చర్య, సమీకరణం, ద్రవ్యనిత్యత్వం, మోల్, ద్రవ్యరాశి గణనలు, ఆక్సీకరణ - క్షయకరణాలు అనే భావనలను ఉదాహరణలతో వివరిస్తూ, వాటికి స్థిరపడిన తెలుగు పరిభాష భావబోధకు ఎక్కడ తోడ్పడుతున్నదో, ఎక్కడ అడ్డుపడుతున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సున్నపురాయి కాలి సున్నమై, తిరిగి గోడమీద రాయిగా మారే క్రమాన్ని గణనలకు ప్రధాన ఉదాహరణగా తీసుకొన్నాను.

కీలకపదాలు: రసాయన చర్య, పరిభాష, క్రియాజనకం, క్రియాజన్యం, తుల్య సమీకరణం, మోల్, త్రైరాశికం, క్షయకరణం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు మాధ్యమంలో పదవ తరగతి చదివిన రోజుల్లో ఈ వ్యాసకర్త ఒక పరీక్షలో 'క్రియాజన్యాల ద్రవ్యరాశి' అడిగితే 'క్రియాజనకాల ద్రవ్యరాశి' కట్టి చూపించిన సందర్భం ఉంది. గుణకారం తప్పలేదు, భాగహారం తప్పలేదు. తప్పింది 'న' కారానికీ 'న్య' కారానికీ మధ్య ఉన్న తేడా. మార్కులు మాత్రం లెక్క రాని విద్యార్థికి వచ్చినన్నే వచ్చాయి. తరవాతి కాలంలో తెలుగు అధ్యాపక వృత్తిలోకి వచ్చాక, విజ్ఞానశాస్త్రం చదివే విద్యార్థులతో మాట్లాడే సందర్భాల్లో ఇదే తడబాటు మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఆ అనుభవమే ఈ పరిశీలనకు ప్రేరణ.

పారిభాషిక పదాల చర్చ సాధారణంగా 'సంస్కృత పదమా, ఆంగ్ల పదమా, అచ్చతెలుగా' అన్న వివాదం దగ్గరే ఆగిపోతూ ఉంటుంది. పదం ఏ భాషదన్న ప్రశ్న కంటే, ఆ పదం వల్ల విద్యార్థి మనసులో ఏ భావం ఏర్పడుతున్నదన్న ప్రశ్న ముఖ్యమైనది. ఆ రెండవ ప్రశ్నకు జవాబు వెతకాలంటే భావనను కూడా కొంత లోతుగా తెలుసుకోవాలి. అందువల్ల ఈ వ్యాసంలో శాస్త్ర వివరణ, భాషా వివరణ కలిసి సాగుతాయి. రసాయన సంకేతాలు అవసరమైనచోట వాటిని ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఇచ్చాను.

2. పరిభాష నేపథ్యం:

ఆధునిక రసాయనశాస్త్రానికి పేర్ల వ్యవస్థను ఇచ్చినవారు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు. లవోసియే, గీటన్ ద మొర్వో, బెర్తోలే, ఫూర్‌క్రువా కలిసి 1787లో రసాయన నామకరణ పద్ధతిని ప్రకటించారు. పదార్థం పేరు వింటే దాని కూర్పు తెలియాలన్నది వారి సూత్రం. శాస్త్రపరిభాషను భాషాసమస్యగా గుర్తించిన తొలి ప్రయత్నాల్లో ఇది ముఖ్యమైనది.

తెలుగులో శాస్త్రగ్రంథ రచనకు ఊపునిచ్చిన సంస్థల్లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ప్రభృతులు 1906లో నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా మండలి ప్రధానమైనది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నత విద్యకు అవసరమైన పాఠ్యపుస్తకాలను, పారిభాషిక పదకోశాలను ప్రచురించింది. నేటి పాఠశాల పుస్తకాల్లో కనిపించే మాటలు ఈ వివిధ దశల్లో పోగుపడినవే. కాబట్టి ఒకే పాఠంలో సంస్కృత సమాసం, ఆంగ్ల పదం, పల్లె మాట పక్కపక్కనే ఉంటాయి. 'ఉష్ణమోచక చర్య', 'మోల్', 'ముక్కిపోవడం' అనే మూడు మాటలు ఒకే తరగతి విద్యార్థికి ఎదురవుతాయి.

3. పేరులో దాగిన సిద్ధాంతం:

లవోసియే ఆక్సిజన్‌కు ఆ పేరు పెట్టడానికి కారణం, ఆమ్లాలన్నిటికీ అదే మూలమని ఆయన నమ్మడం. గ్రీకు ధాతువుల నుంచి కట్టిన ఆ పేరుకు 'ఆమ్లాన్ని పుట్టించేది' అని అర్థం. తెలుగులో దాన్ని 'ఆమ్లజని' అని, హైడ్రోజన్‌ను 'ఉదజని' అని, నైట్రోజన్‌ను 'నత్రజని' అని అనువదించుకొన్నాం. ఉదజని అనే పేరు సార్థకమే, అది మండితే నీరు ఏర్పడుతుంది. ఆమ్లజని విషయం అలా కాదు. క్లోరిన్ ఒక మూలకమని 1810లో హంఫ్రీ డేవీ నిరూపించాక, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తేలింది. ఆమ్లాల లెక్కకు హైడ్రోజనే కీలకమని తరవాతి శాస్త్రం చెప్పింది.

'ఆక్సిజన్' అన్నప్పుడు ఈ పొరపాటు మనకు వినిపించదు, గ్రీకు తెలియదు కాబట్టి. 'ఆమ్లజని' అన్నప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. అంటే అర్థం తెలిసే పదం ఎల్లప్పుడూ మేలే చేస్తుందని చెప్పలేం. పదం అర్థవంతమైన కొద్దీ, అది మోసుకొచ్చే సిద్ధాంతం కూడా విద్యార్థికి అందుతుంది. ఆ సిద్ధాంతం పాతబడితే పదం తప్పుదోవ పట్టిస్తుంది. నేటి పాఠ్యపుస్తకాలు మూలకాల పేర్లకు ఆక్సిజన్, హైడ్రోజన్ అనే మాటలనే వాడటం ఈ దృష్టితో చూస్తే సమంజసమే.

దీనికి భిన్నమైన చిక్కు 'అణువు', 'పరమాణువు' అనే జంటది. వైశేషిక దర్శనంలో పరమాణువు అవిభాజ్యం, రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం. ఆ సంప్రదాయాన్ని అనుసరించి రసాయనశాస్త్రం మూలకపు కణాన్ని పరమాణువు అని, పరమాణువుల కూడికను అణువు అని పిలిచింది. ఈ ఏర్పాటు చక్కగా ఉంది. అయితే పత్రికల్లో 'అణుబాంబు', 'అణువిద్యుత్తు' అన్నప్పుడు 'అణు' శబ్దం పరమాణు కేంద్రకాన్ని ఉద్దేశించి వాడుతున్నది. పత్రిక చదివే విద్యార్థికి అణువు అంటే ఒకటి, పుస్తకం చదివే విద్యార్థికి ఇంకొకటి. ఇద్దరూ ఒక్కరే కావడం వల్ల 'అణు ద్రవ్యరాశి' కట్టమంటే పరమాణు ద్రవ్యరాశి కట్టడం జరుగుతుంది. ఆక్సిజన్‌కు 32 అని రాయవలసినచోట 16 అని రాస్తే, తరవాతి లెక్క అంతా సగానికి పడిపోతుంది.

4. రసాయన చర్యను గుర్తించడం - నిత్యవ్యవహార క్రియలు:

పాత పదార్థం పోయి కొత్త ధర్మాలుగల పదార్థం ఏర్పడితే అది రసాయన మార్పు. పదార్థం అదే ఉండి రూపమో స్థితియో మారితే భౌతిక మార్పు. నిర్వచనం సులభంగానే ఉంది. కానీ విద్యార్థి ఇంటి నుంచి తెచ్చుకొన్న క్రియాపదాలు ఈ విభజనను పాటించవు.

'కాలు' అనే క్రియను చూడండి. 'కాగితం కాలింది' అంటే రసాయన మార్పు. 'అట్లపెనం కాలింది' అంటే కేవలం వేడెక్కింది, భౌతిక మార్పు. 'కరుగు' మరీ చిక్కైనది. మంచు కరుగుతుంది, వెన్న కరుగుతుంది, ఉప్పు నీళ్ళలో కరుగుతుంది. మొదటి రెండూ వేడికి ద్రవంగా మారడం, మూడోది మరో పదార్థంలో కలిసిపోవడం. శాస్త్రం మొదటిదాన్ని ద్రవీభవనం అని, రెండవదాన్ని ద్రావణంగా ఏర్పడటం అని వేరుచేస్తుంది. ద్రవీభవనానికి ఒక్క పదార్థం చాలు, ద్రావణానికి రెండు కావాలి. 'దేనిలో కరిగింది?' అన్న ప్రశ్నకు జవాబు ఉంటే అది ద్రావణం. అధికరణార్థంలో వచ్చే 'లో' ప్రత్యయమే ఇక్కడ శాస్త్రభేదాన్ని పట్టిచ్చే గుర్తు.

మరొకవైపు తెలుగులో రసాయన మార్పులకే ప్రత్యేకించిన క్రియలు సమృద్ధిగా ఉన్నాయి. పాలు తోడుకొంటాయి, విరుగుతాయి. పిండి పులుస్తుంది. ఇనుము తుప్పు పడుతుంది. రాగి చెంబు చిలుము పడుతుంది. నూనె, బియ్యం ముక్కిపోతాయి. వీటిలో ఏదీ వెనక్కి తిరగదని మాట్లాడేవారికి తెలుసు. కొవ్వు పదార్థాలు గాలి తగిలి చెడిపోయే చర్యకు పాఠ్యపుస్తకం 'ముక్కిపోవడం' అనే మాటను తీసుకోవడం ఎంతో మెచ్చదగిన ఎంపిక. ఆ మాటకు నిర్వచనం అక్కరలేదు, వాసనే గుర్తుకు వస్తుంది.

'చర్య' అనే పదం కూడా గమనింపదగినది. న్యూటన్ మూడవ గమన నియమంలో చర్య, ప్రతిచర్య అనే జంట ఉంది. ఆంగ్లంలో ఆ ప్రతిచర్యకూ రసాయన చర్యకూ ఒకే మాట. తెలుగులో రెండు వేరువేరు మాటలు. ఇక్కడ తెలుగు విద్యార్థికి ఉన్న స్పష్టత ఆంగ్ల మాధ్యమ విద్యార్థికి లేదు.

5. క్రియాజనకం - క్రియాజన్యం:

చర్యలో పాల్గొనే పదార్థాలు క్రియాజనకాలు, చర్య ఫలితంగా ఏర్పడేవి క్రియాజన్యాలు. వ్యుత్పత్తి దృష్టితో ఈ జంటలో దోషం లేదు. జనకం అంటే పుట్టించేది, జన్యం అంటే పుట్టేది. సంస్కృత కృత్ప్రత్యయాల పరిచయం ఉన్నవారికి ఇది అందమైన జంట. పదమూడేళ్ళ విద్యార్థికి మాత్రం ఇవి చెవికి ఒకేలా వినిపించే, కంటికి ఒకేలా కనిపించే రెండు పొడుగాటి మాటలు.

వ్యతిరేకార్థం ఇచ్చే రెండు పారిభాషిక పదాలు ఒకే ధాతువు నుంచి పుట్టి, చివరి అక్షరంలో మాత్రమే తేడా చూపితే పొరపాటుకు అవకాశం పెరుగుతుంది. 'ఉష్ణమోచకం - ఉష్ణగ్రాహకం' అనే జంటతో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. అక్కడ మోచనం, గ్రహణం అనే రెండు వేరు ధాతువులు ఉన్నాయి. విడిచేది, పుచ్చుకొనేది అని వెంటనే తెలుస్తుంది. అందుకే ఆ జంట దగ్గర విద్యార్థి అంతగా తడబడడు.

పరిభాషను మార్చడం ఒక అధ్యాపకుని చేతిలో లేదు. కానీ తరగతిలో 'చర్యకు ముందున్నవి', 'చర్య తరవాత వచ్చినవి' అనే వాడుక మాటలను మొదట ఇచ్చి, ఆ భావం స్థిరపడ్డాక పుస్తకపు మాటలను పరిచయం చేయడం సాధ్యమే. 'తండ్రి జనకుడు, బిడ్డ జన్యం' అని ఒక్కసారి చెప్పినా చాలు. జానకి జనకుని కూతురన్న సంగతి తెలిసిన పిల్లలకు ఆ ముడి విడిపోతుంది.

6. సమీకరణం - తుల్యత:

గణితంలో 'సమీకరణం' అంటే రెండు వైపులా ఒకే విలువ ఉండటం. రసాయనశాస్త్రంలో మధ్యనున్న బాణం గుర్తు 'మారుతుంది' అని చెబుతుంది. ఎడమవైపు ఉన్నదీ కుడివైపు ఉన్నదీ ఒకే పదార్థం కావు, కానీ రెండు వైపులా పరమాణువుల సంఖ్య ఒకటే. 'సమం' అయ్యేది పదార్థం కాదు, పరమాణువుల లెక్క. ఈ తేడాను నోటితో చెప్పకపోతే విద్యార్థి గణితపు అర్థాన్నే ఇక్కడికీ తెచ్చుకొంటాడు.

పరమాణువులు చర్యలో పుట్టవు, నశించవు, కొత్త పొత్తులు కలుపుకొంటాయి. అందుచేత చర్యకు ముందు మొత్తం ద్రవ్యరాశి ఎంతో చర్య తరవాతా అంతే. లవోసియే మూసిన పాత్రల్లో తూచి చూసి, 1789 నాటి తన గ్రంథంలో స్థిరపరచిన ఈ సూత్రమే ద్రవ్యనిత్యత్వ నియమం. కట్టెలు మండితే గుప్పెడు బూడిదే మిగులుతుంది కదా అన్న సందేహం సహజం. పొగగా, ఆవిరిగా, వాయువుగా పోయినదాన్నీ, గాలి నుంచి వచ్చి చేరిన ఆక్సిజన్‌నూ లెక్కలోకి తీసుకొంటే ద్రవ్యరాశి సరిపోతుంది. 'నిత్యత్వం' అనే మాటకు ఇక్కడ 'ఏదీ మారదు' అని కాక 'మొత్తం మారదు' అని అర్థం చెప్పుకోవాలి.

ఈ నియమానికి లోబడేలా సమీకరణాన్ని సరిచేయడమే తుల్యం చేయడం. 'తుల్యం' అనే మాట 'తుల' నుంచి వచ్చింది. తుల అంటే త్రాసు. తులాభారం తెలిసిన తెలుగువారికి ఇంతకంటే తగిన మాట లేదు. రెండు తట్టలూ సమంగా నిలవాలి. ఉదాహరణకు హైడ్రోజన్, ఆక్సిజన్‌తో కలిసి నీటిని ఇస్తుంది:

హెచ్₂ + ఓ₂ → హెచ్₂ఓ

ఎడమవైపు రెండు ఆక్సిజన్ పరమాణువులు, కుడివైపు ఒకటే. ఈ లోటు పూడ్చడానికి చాలామంది విద్యార్థులు కుడివైపు అడుగున ఇంకొక 2 చేర్చి 'హెచ్₂ఓ₂' అని రాస్తారు. లెక్క సరిపోతుంది, కానీ అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. అడుగున ఉన్న అంకె పదార్థం స్వభావాన్ని చెబుతుంది, దాన్ని ముట్టుకోకూడదు. ముందు రాసే అంకె ఎన్ని అణువులో చెబుతుంది, దాన్నే మార్చాలి. సరైన రూపం ఇది:

2హెచ్₂ + ఓ₂ → 2హెచ్₂ఓ

వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే అడుగు అంకె పదం లోపలి నిర్మాణం, ముందు అంకె పదానికి చేర్చిన సంఖ్యావిశేషణం. 'రెండు రాళ్ళు' అని చెప్పవలసి వచ్చినప్పుడు 'రెండు' చేరుస్తాం కానీ 'రాయి' అనే ప్రాతిపదికను ఇంకొక పదంగా మార్చం. తెలుగు అధ్యాపకులు ఈ పోలికను ఇస్తే విజ్ఞానశాస్త్ర అధ్యాపకులకు ఉపకరిస్తుంది.

7. మోల్ - లెక్కపెట్టే కొలత:

పై సమీకరణం 'రెండు అణువుల హైడ్రోజన్, ఒక అణువు ఆక్సిజన్' అని చెబుతున్నది. దీన్ని 'రెండు గ్రాముల హైడ్రోజన్, ఒక గ్రాము ఆక్సిజన్' అని చదవడం పాఠశాల స్థాయిలో తరచూ జరిగే పొరపాటు. 'రెండు పాళ్ళకు ఒక పాలు' అని తెలుగులో చెప్పినప్పుడు ఆ 'పాలు' సంఖ్యకా, బరువుకా, పరిమాణానికా అన్నది మాటలో లేదు. అందువల్లనే మోల్ అనే భావన అవసరమవుతుంది.

మోల్ బరువు కాదు, సంఖ్య. జత అంటే రెండు, పుంజీ అంటే నాలుగు, డజను అంటే పన్నెండు, గ్రోసు అంటే నూట నలభై నాలుగు. అదే వరుసలో మోల్ అంటే 6.02214076×10²³. దీనికి అవగాడ్రో సంఖ్య అని పేరు. 2019 మే 20 నుంచి అంతర్జాతీయ కొలమానాల్లో మోల్ నిర్వచనం ఈ కచ్చితమైన సంఖ్య మీదనే ఆధారపడి ఉంది.

డజను నిమ్మకాయలు, డజను గుమ్మడికాయలు సంఖ్యలో సమానమే, బరువులో కాదు. అలాగే ఒక మోల్ హైడ్రోజన్ అణువులు 2 గ్రాములు, ఒక మోల్ ఆక్సిజన్ అణువులు 32 గ్రాములు, ఒక మోల్ నీటి అణువులు 18 గ్రాములు. ఇప్పుడు సమీకరణాన్ని గ్రాముల్లో చదివితే 4 గ్రాముల హైడ్రోజన్, 32 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 36 గ్రాముల నీటిని ఇస్తుంది. 2:1:2 అన్న సంఖ్యల నిష్పత్తి ద్రవ్యరాశిలో 1:8:9గా మారింది. ద్రవ్యనిత్యత్వం రెండవ నిష్పత్తిలోనే కనబడుతుంది, ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. మొదటి నిష్పత్తిలో రెండూ ఒకటీ మూడు కావాలి కదా, రెండే ఎలా అయిందన్న సందేహానికి జవాబు కూడా ఇదే. నిలిచి ఉండేవి పరమాణువులు, అణువుల సంఖ్య నిలిచి ఉండాలన్న నియమం లేదు.

8. సున్నం లెక్క - త్రైరాశికం:

ద్రవ్యరాశి గణనలకు తెలుగు నేలమీద సున్నాన్ని మించిన ఉదాహరణ లేదు. బట్టీలో సున్నపురాయిని కాలుస్తారు. అందులోని కాల్షియం కార్బోనేట్ సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద విడిపోయి కాల్షియం ఆక్సైడ్‌గా, కార్బన్ డై ఆక్సైడ్‌గా మారుతుంది. పాఠ్యపుస్తకాల 'పొడిసున్నం' కాల్షియం ఆక్సైడే. ఇది ఉష్ణగ్రాహక చర్య, పైగా వియోగ చర్య:

కాల్షియం కార్బోనేట్ (100) → కాల్షియం ఆక్సైడ్ (56) + కార్బన్ డై ఆక్సైడ్ (44)

కుండలీకరణాల్లోని అంకెలు ఒక మోల్ పదార్థపు ద్రవ్యరాశిని గ్రాముల్లో చెబుతాయి. కాల్షియం 40, కార్బన్ 12, ఆక్సిజన్ 16 అని తీసుకొంటే 40 + 12 + (3×16) = 100.

ఇప్పుడు ప్రశ్న: 250 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే ఎంత పొడిసున్నం వస్తుంది?

దీనికి కొత్త గణితం అక్కరలేదు. మూడు రాశులు తెలిసి నాలుగవది కనుక్కొనే త్రైరాశికం చాలు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఈ సూత్రం ఉంది. మహావీరాచార్యుని 'గణితసారసంగ్రహం'లో దీనికి ప్రత్యేక ప్రకరణం ఉంది. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తొలి తెలుగు శాస్త్రగ్రంథాల్లో ఒకటి గణితానిదే కావడం మన సాహిత్య చరిత్రలో ముఖ్యమైన విషయం. సంప్రదాయ పరిభాషలో మూడు రాశుల పేర్లు ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం వస్తుంది.

ప్రమాణం: సున్నపురాయి 100
ఫలం: పొడిసున్నం 56
ఇచ్ఛ: సున్నపురాయి 250 కిలోలు
ఇచ్ఛాఫలం: (56×250)÷100 = 140 కిలోలు

మిగిలిన 110 కిలోలు కార్బన్ డై ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తాయి. పూర్వం 'బొగ్గుపులుసు వాయువు' అన్నది దీన్నే.

ఈ లెక్క తెలుగు వాక్యంలో ఎంత సహజంగా ఒదుగుతుందో గమనించాలి: 'వందకు యాభై ఆరు అయితే రెండువందల యాభైకి ఎంత?' ఇక్కడి 'కు' ప్రత్యయం మొత్తం గణితాన్ని మోస్తున్నది. వడ్డీ లెక్కలో, కూలి లెక్కలో, ధాన్యం కొలతలో తెలుగువాడు వాడే వాక్యమే ఇది. పుస్తకంలో మాత్రం '250 కిలోగ్రాముల కాల్షియం కార్బోనేట్‌ను సంపూర్ణంగా వియోగం చెందించినప్పుడు ఏర్పడే కాల్షియం ఆక్సైడ్ ద్రవ్యరాశిని కనుగొనుము' అని ఉంటుంది. ఇచ్చినదేదో, అడిగినదేదో తేల్చుకోవడానికే విద్యార్థికి కొంత శక్తి ఖర్చవుతుంది. అతడికి రాకపోయినది త్రైరాశికం కాదు, వాక్యం.

తరవాతి మెట్టు. పొడిసున్నం మీద నీళ్ళు పోస్తే పొయ్యి లేకుండానే కుతకుతలాడుతుంది. సంయోగం వల్ల వేడి వెలువడుతుంది కాబట్టి ఇది ఉష్ణమోచక చర్య:

కాల్షియం ఆక్సైడ్ (56) + నీరు (18) → కాల్షియం హైడ్రాక్సైడ్ (74)

140 కిలోల పొడిసున్నానికి చర్యలో పట్టే నీరు (18×140)÷56 = 45 కిలోలు. ఏర్పడే తడిసున్నం 185 కిలోలు. వాస్తవంలో వేడికి కొంత నీరు ఆవిరైపోతుంది, సున్నం పలచగా ఉండటానికీ నీరు కావాలి. అందుచేత ఎక్కువ నీరే పోస్తారు. లెక్క చెప్పేది చర్యలో పాల్గొన్న నీటిని గురించి మాత్రమే.

చివరి మెట్టు గోడమీద. వెల్ల వేసిన గోడ మొదట తడిగా, మసకగా ఉండి కొద్ది రోజుల్లో తెల్లబడి గట్టిపడుతుంది. తడిసున్నం గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చుకొని తిరిగి కాల్షియం కార్బోనేట్ అవుతుంది:

కాల్షియం హైడ్రాక్సైడ్ (74) + కార్బన్ డై ఆక్సైడ్ (44) → కాల్షియం కార్బోనేట్ (100) + నీరు (18)

185 కిలోల తడిసున్నానికి (44×185)÷74 = 110 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ కావాలి. 250 కిలోల కాల్షియం కార్బోనేట్ ఏర్పడుతుంది, 45 కిలోల నీరు ఆరిపోతుంది. బట్టీలో పోయిన 110 కిలోలు గోడమీద తిరిగి వచ్చాయి. బయలుదేరిన 250 కిలోల దగ్గరికే చేరాం. ద్రవ్యనిత్యత్వాన్ని నిర్వచనంగా కాక కథగా చెప్పదలచుకొన్న అధ్యాపకునికి ఇంతకంటే మంచి కథ దొరకడం కష్టం.

ముడిపదార్థం స్వచ్ఛత తగ్గితే లెక్కలో ఒక్క మెట్టు పెరుగుతుంది. అదే 250 కిలోల రాయిలో నూటికి 80 పాళ్ళే కాల్షియం కార్బోనేట్ ఉంటే, ఇచ్ఛారాశి 250 కాదు, 200. వచ్చే కాల్షియం ఆక్సైడ్ 112 కిలోలు. 'నూటికి' అన్న మాటలోని 'కి' కూడా త్రైరాశికపు ప్రత్యయమే.

9. ఏది ముందు అయిపోతుంది?

రెండు పదార్థాలూ లెక్క ప్రకారం సరిగ్గా సరిపోయే పాళ్ళలో ఉండకపోవచ్చు. ఇడ్లీకి ఒక గ్లాసు మినపప్పుకు రెండు గ్లాసుల రవ్వ అనుకొందాం. ఇంట్లో మూడు గ్లాసుల పప్పు, నాలుగు గ్లాసుల రవ్వ ఉన్నాయి. రవ్వ ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తున్నా ముందు అయిపోయేది రవ్వే. ఒక గ్లాసు పప్పు మిగులుతుంది. పిండి ఎంతన్నది అయిపోయేదాన్ని బట్టే నిర్ణయమవుతుంది.

10 గ్రాముల హైడ్రోజన్, 64 గ్రాముల ఆక్సిజన్ ఉన్నప్పుడు ఎంత నీరు వస్తుంది? గ్రాములు చూసి ఆక్సిజన్ ఎక్కువ అనుకోకూడదు. మోల్‌లలోకి మార్చాలి. హైడ్రోజన్ 5 మోల్‌లు, ఆక్సిజన్ 2 మోల్‌లు. 2 మోల్‌ల ఆక్సిజన్‌కు కావలసిన హైడ్రోజన్ 4 మోల్‌లు. కాబట్టి ఆక్సిజన్ ముందు అయిపోతుంది, ఒక మోల్ హైడ్రోజన్, అంటే 2 గ్రాములు మిగులుతుంది. వచ్చే నీరు 4 మోల్‌లు, 72 గ్రాములు. మొదట ఉన్నది 74, చివర ఉన్నది 72 + 2 = 74. తుల నిలిచింది.

10. ఆక్సీకరణం - క్షయకరణం - లోహక్షయం:

పాఠశాల పరిభాషలో భావానికి ఎక్కువ హాని చేస్తున్న చోటు ఇదేనని నా పరిశీలన. ఆక్సిజన్ చేరడం లేదా ఎలక్ట్రాన్లు కోల్పోవడం ఆక్సీకరణం. ఆక్సిజన్ పోవడం లేదా ఎలక్ట్రాన్లు పొందడం క్షయకరణం. ఇదే పాఠంలో ఇనుము తుప్పు పట్టడం, రాగి చిలుము పట్టడం వంటివాటికి 'లోహక్షయం' అనే పేరు ఉంది. క్షయకరణంలో క్షయం ఉంది, లోహక్షయంలోనూ క్షయం ఉంది. కాబట్టి లోహక్షయం క్షయకరణానికి ఉదాహరణ అని విద్యార్థి అనుకొంటే అతడిది తర్కబద్ధమైన పొరపాటు. వాస్తవానికి లోహక్షయంలో లోహం ఆక్సీకరణం చెందుతుంది. రెండూ పరస్పర విరుద్ధాలు.

'క్షయకరణం' అనే అనువాదం ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఆంగ్ల పదానికి నేటి వాడుకలో తగ్గించడం అని అర్థం. దాని లాటిన్ మూలానికి 'వెనక్కి తీసుకురావడం' అని అర్థం. ఖనిజం నుంచి లోహాన్ని తిరిగి రాబట్టడం అన్న లోహకారుల భావం అందులో ఉంది. అనువాదంలో ఆ భావం జారిపోయి 'తగ్గించడం' మిగిలింది. ఖనిజం విషయంలో ఆ అర్థం కూడా పొసగుతుంది: 160 గ్రాముల ఫెర్రిక్ ఆక్సైడ్ నుంచి 112 గ్రాముల ఇనుమే వస్తుంది, 48 గ్రాముల ఆక్సిజన్ తగ్గింది. ఎలక్ట్రాన్ల నిర్వచనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎలక్ట్రాన్లను 'పొందడం' క్షయం ఎలా అవుతుందన్న ప్రశ్న మిగిలిపోతుంది.

లోహక్షయం అనే మాటలో కూడా ఒక చిక్కు ఉంది. తుప్పులో నీరు కూడా కలిసి ఉంటుంది. దాన్ని పక్కనపెట్టి చూసినా, 112 గ్రాముల ఇనుము 48 గ్రాముల ఆక్సిజన్‌ను చేర్చుకొని 160 గ్రాములవుతుంది. తుప్పు రాలిపోకుండా తూచితే మేకు బరువు పెరుగుతుంది. క్షయించేది లోహం, వస్తువు బరువు కాదు. 'తుప్పు పట్టడం' అన్న పల్లెమాటలోని 'పట్టు' క్రియ ఏదో వచ్చి చేరిందన్న సంగతిని చక్కగా చెబుతున్నది. 'చిలుము పట్టు'లోనూ అదే క్రియ. పండిత పదం పోగొట్టినదాన్ని వాడుక మాట నిలుపుకొంది.

ఇదే పాఠంలో తెలుగు వ్యాకరణం విద్యార్థికి చేయగల సాయం కూడా ఉంది. తెలుగులో అకర్మక, సకర్మక క్రియల జంటలు స్పష్టమైన రూపభేదంతో ఉంటాయి: మారు - మార్చు, కాలు - కాల్చు, కరుగు - కరిగించు. మైలుతుత్తపు ద్రావణంలో ఇనుప మేకును ఉంచితే మేకు మీద రాగి పేరుకొంటుంది. ఇక్కడ ఇనుము ఎలక్ట్రాన్లను కోల్పోయి ఆక్సీకరణం 'చెందుతుంది', రాగి అయాన్లను క్షయకరణం 'చెందిస్తుంది'. కాబట్టి ఇనుము క్షయకరణి. తాను చెందేది ఒకటి, ఎదుటిదాన్ని చెందించేది మరొకటి. 'చెందు - చెందించు' అనే ప్రేరణార్థక భేదాన్ని పట్టుకొన్న విద్యార్థి ఆక్సీకరణి, క్షయకరణి అనే మాటల దగ్గర మళ్ళీ తడబడడు.

11. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. అర్థం తెలిసే పదం మేలు చేయగలదు, కీడూ చేయగలదు. ఉష్ణమోచకం, తుల్యం, ముక్కిపోవడం మొదటి కోవకు, ఆమ్లజని, క్షయకరణం రెండవ కోవకు చెందుతాయి.

2. వ్యతిరేక భావాలను చెప్పే జంటపదాలు చెవికి, కంటికి వేరుగా ఉండాలి. క్రియాజనకం - క్రియాజన్యం ఈ పరీక్షకు నిలవవు. కనీసం బోధనలో 'ముందున్నవి - తరవాత వచ్చినవి' అనే వాడుక మాటల ఆసరా ఇవ్వాలి.

3. ఒకే పాఠంలో ఒకే శబ్దాన్ని పరస్పర విరుద్ధ భావాలకు వాడటం మానుకోవాలి. లోహక్షయాన్ని మొదట 'తుప్పు పట్టడం, చిలుము పట్టడం'గా పరిచయం చేయడం మంచిది.

4. ద్రవ్యరాశి గణనలు త్రైరాశికమే. 'ఇంతకు ఇంత అయితే అంతకు ఎంత?' అన్న తెలుగు వాక్యంలోకి ప్రశ్నను మార్చుకోవడాన్ని లెక్కలో మొదటి మెట్టుగా నేర్పాలి.

ఇటీవలి సంవత్సరాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ తెలుగు, ఆంగ్ల పాఠాలు ఎదురెదురు పుటల్లో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలను ప్రవేశపెట్టాయి. ఆంగ్లపు పుట అర్థం కాని విద్యార్థి చూపు తిప్పేది తెలుగు పుట వైపే. అక్కడ కూడా అర్థం కాకపోతే అతడికి మూడో పుట లేదు. పారిభాషిక పదనిర్మాణం శాస్త్రజ్ఞుల పని అని తెలుగు శాఖలు, వ్యాకరణం భాషావేత్తల పని అని విజ్ఞానశాస్త్ర శాఖలు తప్పుకొన్నంత కాలం ఆ పుట అలాగే ఉంటుంది. రెండు శాఖల అధ్యాపకులూ ఒకే పాఠాన్ని ముందు పెట్టుకొని, ఒక్కొక్క పదం దగ్గర విద్యార్థి ఎందుకు ఆగుతున్నాడో కలిసి పరిశీలించడం ఈ దిశలో చేయవలసిన తొలి పని. తెలుగు పరిశోధకులకు ఇందులో విస్తారమైన క్షేత్రం ఉంది.